ఇంజన్ ఆపొద్దు సామీ

బెంగళూరులో కేఆర్ పురం తీగల వంతెన దిగేసరికి లారీ హెడ్‌లైట్లు రెండూ గుడ్డిదీపాలైపోయాయి. వెనక టమాటా లోడు.

మెకానిక్ ఫోన్‌లో చెప్పింది ఒకటే మాట: "ఇంజన్ మాత్రం ఆపొద్దు సామీ." పాత డీజిల్ లారీ కదా, కరెంటు లేకపోయినా నడుస్తుంది. ఆపితేనే చిక్కు, మళ్ళీ సెల్ఫ్ తీసుకోదు. ముందు పోతున్న బస్సు వెలుతురు పట్టుకుని కలాసిపాళ్యం చేరా.

పొద్దున జేసీ రోడ్డు పక్క సందులో మీటరు పెట్టి చూశాడాయన. ఇంజన్ నడుస్తుంటే 27, 28 వోల్టులు చూపించాలి. 23 దగ్గరే కదలకుండా కూర్చుంది. బ్యాటరీలకు ఛార్జింగ్ ఇచ్చే డైనమో విప్పితే లోపలంతా నల్లటి పొడి. లోపల తిరిగే రింగులకు ఆనుకుని కరెంటు అందించే కార్బన్ బ్రష్షులు గోరంత కూడా మిగల్లేదు. ఒకటైతే అరిగి అరిగి స్ప్రింగే రింగును గీకుతోంది.

నేనేమో రెండు నెలల క్రితమే బ్యాటరీలు రెండూ కొత్తవి వేయించా. పాతవాటి తప్పేమీ లేదేమో పాపం! డ్యాష్‌బోర్డులో ఛార్జింగ్ లైటు మిణుకుమంటుంటే చిరాకేసి, దాని మీద వెంకన్న స్టిక్కర్ అంటించిన ఘనుణ్ణి కూడా నేనే లెండి.

రింగులు గరుకు కాగితంతో రుద్ది, బ్రష్షులు మార్చాక మీటరులో 27.8.

స్టిక్కర్ చూసి ఆయనేమీ అనలేదు. మెల్లగా ఊడదీసి, దణ్ణం పెట్టుకుని, ముందు అద్దానికి అంటించాడు.