చిన్నాయన పద్దుల గైడ్: మూడో వారం

కడపలో మా చిన్నాయనకు పసుపు కొట్టు ఉంది. బాకీల పద్దు రాసుకోవడానికి ఆయన కంప్యూటర్‌లో లిబ్రేఆఫీస్ క్యాల్క్ (గళ్ళ పట్టికలో లెక్కలు రాసుకునే ప్రోగ్రాం) వేసిచ్చాను. రోజూ రాత్రి ఓ గంట కూర్చుని ఆయన కోసం బొమ్మలతో గైడ్ రాస్తున్నాను. 11 పేజీలు అయ్యాయి.

మొదటి వారం తీసిన 14 స్క్రీన్‌షాట్లూ పనికిరాలేదు. నా క్యాల్క్‌లో పైన ట్యాబులు ఉంటాయి, ఆయన దాంట్లో మామూలు మెనూలు. "నువ్వు చూపించింది యాడుంది అబ్బీ?" అని ఫోన్ చేశాడు. వ్యూ మెనూలో యూజర్ ఇంటర్‌ఫేస్ తెరిచి, స్టాండర్డ్ టూల్‌బార్ పెట్టుకుని అన్నీ మళ్ళీ తీశాను. విండోస్, షిఫ్ట్, ఎస్ మూడూ కలిపి నొక్కి, కావలసిన ముక్క మటుకే తీశాను. పీఎన్‌జీ రకం బొమ్మ ఫైల్‌గా దాస్తే చిన్న అక్షరాలు చెదరవు. వాట్సాప్‌లో ఫొటోగా కాక డాక్యుమెంట్‌గా పంపాలి. బొమ్మల్లో ఉన్నది ఉత్తుత్తి పద్దు. ఎవరి బాకీ ఎంతో పదిమందికీ తెలియకూడదు కదా.

మాటల దగ్గరే ఎక్కువ రాత్రులు గడిచాయి. 'సెల్' అంటే చిన్నాయనకు ఫోనే. 'గడి' అని మార్చాను. పేపర్లో గళ్ళ నుడికట్టు నింపే మనిషి, వెంటనే పట్టుకున్నాడు. అదే ఊపులో 'ఫార్మాట్' మెనూను 'రూపకల్పన' అని రాస్తే, పాపం స్క్రీనంతా వెతికాడు. ఇంగ్లీషు మెనూలో ఆ మాట ఉంటే కదా! ఇక మెనూ పేర్లు స్క్రీన్ మీద ఉన్నవి ఉన్నట్టే. మౌస్‌కైతే 'క్లిక్ చేయండి', కీబోర్డుకైతే 'నొక్కండి'. ఈ రెండూ ఎక్కడా కలవకుండా 11 పేజీలూ రెండుసార్లు చదివాను.

పై వరుస కదలకుండా నిలిపే పేజీలో పెద్ద పొరపాటు దొర్లింది. ముందు ఏ2 గడి (మొదటి నిలువు వరుసలో రెండోది) మీద క్లిక్ చేసి, తర్వాతే వ్యూలో ఫ్రీజ్ రోస్ అండ్ కాలమ్స్‌కు వెళ్ళాలి. ఆ మొదటి మాట రాయడం మరిచాను. ఆయన డి9లో ఉండగా చేశాడు. పైన ఎనిమిది అడ్డ వరుసలు, ఎడమ పక్క మూడు నిలువు వరుసలు బిగుసుకుపోయాయి. లెక్కంతా పోయిందని టెన్షన్ పడ్డాడు. ఇప్పుడు ఆ పేజీలో మొదటి బొమ్మ ఏ2 గడిదే.

నిన్న జిరాక్స్ తీయిస్తే బొమ్మల మీద నేను పెట్టిన ఎర్ర గుర్తులు నలుపు తెలుపులో కలిసిపోయాయి. నిండు నల్ల చుక్కలో తెల్ల అంకెలు పెడుతున్నాను, నాలుగు పేజీలు మిగిలాయి.

తర్వాత కూడిక. కూడిక బటన్ మీది Σ గుర్తుకు 'సిగ్మా' అని పేరు రాయను, ఆ గుర్తునే కత్తిరించి వాక్యం మధ్యలో అతికిస్తాను.