హేబ్రూక్ మంచె మీద ఒక రాత్రి

సియాటిల్ నుంచి రెండో నంబరు రహదారి మీద తూర్పుగా వెళ్తే, స్కైకోమిష్ నది ఒడ్డున ఇండెక్స్ అనే చిన్న ఊరు దాటిన కాసేపటికే హేబ్రూక్ కాలిబాట మొదలవుతుంది. నడక మైలున్నర లోపే అయినా ఎనిమిది వందల అడుగులకు పైగా ఎక్కాలి. పైన నీళ్లు, కరెంటు లేవు కాబట్టి తాగే నీళ్లూ వంట నీళ్లూ వీపున మోసుకునే ఎక్కాము. డగ్లస్ ఫర్ చెట్ల చీకటి తొలగగానే, కొయ్య స్తంభాల మీద 67 అడుగుల ఎత్తున, జొన్నచేలో మంచెలా ఆ కావలి గోపురం కనిపించింది.

1910లో ఇడాహో, మొంటానా ప్రాంతాల్లో సుమారు 30 లక్షల ఎకరాల అడవి రెండు రోజుల్లో బుగ్గి అయిన తరువాత, పొగను పుట్టిన చోటే పసిగట్టాలని అమెరికా అటవీ శాఖ కొండకొమ్ముల మీద ఇలాంటివి కట్టిస్తూ వచ్చింది. ఇక్కడి తొలి కట్టడం 1920ల నాటిది, ఇప్పుడున్నది 1960లలో కట్టినది. కాపలా ఆగిపోయాక పాడుబడుతున్న దీన్ని ఎవరెట్ మౌంటెనీర్స్ అనే పర్వతారోహకుల సంఘం సభ్యులు శ్రమదానంతో నిలబెట్టారు. ఇప్పుడు అద్దెకిస్తున్నారు గానీ, వేసవిలో తేదీ దొరకడం తిరుమల గది దొరకడం కన్నా తేలికేమీ కాదు.

గది నాలుగు వైపులా కిటికీలే. ఇలాంటి గదుల నడుమ ఆస్‌బర్న్ ఫైర్‌ఫైండర్ అనే పరికరం ఉండేది. డిగ్రీలు చెక్కిన వలయంలో పటం పరచి, దర్శినిలోని గుర్రపు వెంట్రుకకు పొగను సరిగ్గా ఎదురుగా నిలిపి, ఆ దిక్కును కావలివాడు ఫోనులో చెప్పేవాడు. మరో మంచె నుంచి వచ్చిన దిక్కుతో కలిపి గీస్తే, రెండు గీతలు ఖండించుకున్న చోట నిప్పు ఉన్నట్టు. ఉరుములప్పుడు, పిడుగు దెబ్బ ఒంటికి పాకకుండా, కోళ్లకు గాజు తొడుగులున్న పీట మీద నిలబడి ఆ పని చేసేవారట. ఆ ఉద్యోగానికి ఎంత జీతమిచ్చినా తక్కువేననిపించింది.

ఎదుట ఇండెక్స్ శిఖరం ఎంత సొగసుగా ఉన్నా, నా చూపు మాత్రం బేరింగ్ కొండ వైపే పోయింది. 2022 సెప్టెంబరులో బోల్ట్ క్రీక్ కార్చిచ్చు తూర్పుగాలికి చెలరేగి, పద్నాలుగు వేల ఎకరాలకు పైగా కాల్చి, మేము వచ్చిన రహదారినే మూయించింది. అప్పుడు మా ఇంటి కిటికీలు కూడా తెరవలేకపోయాము.

రాత్రి లోయలో గూడ్సు బండ్ల కూతలకు నిద్ర సరిగా పట్టలేదు. తెల్లవారాక చెట్ల మధ్య నుంచి మంచు పోగులు పోగులుగా లేస్తుంటే, ఏది ఆవిరో ఏది పొగో తేల్చుకోవడమే కావలివాడికి అసలు పరీక్ష అని అర్థమైంది. ఒకటి మాత్రం కదలకుండా నిటారుగా లేస్తోంది. నేను గాభరాపడుతుండగా, మా ఆవిడ బైనాక్యులర్ అందుకుని, అది ఎవరింటి పొగగొట్టమో అని తేల్చి, కాఫీకి నీళ్లు పెట్టమంది.