జబ్బు ముదరలేదు, ఇంకో జబ్బు వచ్చింది

అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బు ఉన్న మనిషి ఉన్నట్టుండి మారిపోతే చుట్టూ ఉన్నవాళ్ల నోట వచ్చే మాట ఒకటే: "జబ్బు ముదిరింది, ఇక ఇంతే." మా అమ్మను చూడటానికి వచ్చినవాళ్లూ అదే అన్నారు. నేను నమ్మలేదు. నమ్మి ఊరుకుని ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. అందుకే రాస్తున్నాను.

అమ్మకు అల్జీమర్స్ అని తేలి కొన్నేళ్లయింది. నన్ను తన అక్క అనుకునేది. అయినా తన చేత్తో తను తినేది, చెయ్యి అందిస్తే స్నానాల గది దాకా నడిచేది, ఉతికిన బట్టలు ముందు పెడితే అంచులు కలిపి చక్కగా మడతపెట్టేది. ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా మనిషిని తీసుకుపోయే జబ్బు అది. అలాంటిది రెండు మూడు రోజుల్లోనే అమ్మ వేరే మనిషైపోయింది. పగలంతా మగత. రాత్రంతా మేలుకుని దుప్పటి పీకుతూ, గది మూలలో ఎవరో నిలబడ్డారని చూపించేది. ముద్ద నోట్లో పెడితే నమలకుండా అలాగే ఉంచుకునేది. ఉన్నట్టుండి కాసేపు తేరుకుని "అక్కా, మంచినీళ్లు" అని అడిగేది, అంతలోనే మళ్లీ మగతలోకి జారిపోయేది.

ఏళ్లు పట్టే దారిని ఆ జబ్బు ఒక్క వారంలో నడవదు. నా వాదన అంతే. నోటుపుస్తకం తెరిచి ఎప్పుడు నిద్రపోయింది, ఎన్ని నీళ్లు తాగింది, మూత్రం ఎప్పుడు వచ్చింది, విరేచనం అయిందా, ఏ మాత్ర ఎప్పుడు వేశాం అన్నీ రాశాను. రాసింది చదువుకుంటే కనిపించింది: జలుబుకు రాసిచ్చిన మాత్రలు మొదలైనప్పటి నుంచి మూత్రం బాగా తగ్గింది, విరేచనం అసలు కాలేదు.

ఆసుపత్రిలో పెద్ద నర్సు అడిగిన మొదటి ప్రశ్న, "ఇంట్లో మామూలుగా ఎలా ఉంటారు? తేడా ఎప్పటి నుంచి?" అని. నోటుపుస్తకం ఆమె చేతికిచ్చాను. చదివి, అమ్మ పొత్తికడుపు మీద మెల్లగా చెయ్యి వేసి నొక్కింది. అమ్మ నుదురు ముడుచుకుంది. "నొప్పి అని ఆవిడ చెప్పలేరమ్మా, ముఖంలో చూసుకోవాలి" అంది. స్కాన్ తీస్తే మూత్రాశయం నిండా మూత్రం నిలిచిపోయి ఉంది. ఇన్ఫెక్షన్ కూడా ఉందని తర్వాత తేలింది. జ్వరం లేదు కదా అంటే, పెద్ద వయసులో ఇన్ఫెక్షన్ జ్వరం లేకుండానే రావచ్చన్నారు డాక్టరు. ఇలా ఉన్నట్టుండి మనిషి తికమకపడి మారిపోయే స్థితిని డెలీరియం అంటారనీ, కారణాలు వెతికి సరిచేస్తే చాలావరకు తగ్గుతుందనీ చెప్పారు.

ఆయన చెప్పిన ఇంకో సంగతి ప్రతి ఇంట్లోనూ తెలియాలి. అల్జీమర్స్‌లో అసిటైల్‌కోలిన్ అనే రసాయనం మెదడులో ఎలాగూ తగ్గిపోతుంది. అమ్మ వేసుకునే డొనెపెజిల్, ఆ ఉన్న కాస్తా త్వరగా విచ్ఛిన్నం కాకుండా ఆపే మందు. జలుబు మాత్రలోని క్లోర్‌ఫెనిరమిన్ సరిగ్గా ఆ రసాయనం చేసే పనికే అడ్డు తగులుతుంది. మూత్రాశయాన్నీ పేగులనూ కూడా మందగింపజేస్తుంది. ఒక మందు నిలబెడుతున్నదాన్ని ఇంకో మందు పడగొడుతోందన్నమాట.

జలుబు మాత్ర మానిపించారు. గొట్టం వేసి మూత్రం తీశారు, యాంటీబయాటిక్ ఇచ్చారు, మలబద్ధకానికి మందు ఇచ్చారు. చెప్పాలంటే వైద్యం అంతే. మిగతాదంతా పరిచర్యే, అమ్మను తిరిగి తెచ్చింది కూడా ఎక్కువగా అదే అని నా నమ్మకం.

గొట్టాన్ని వీలైనంత త్వరగా తీసేశారు. అది ఉన్నకొద్దీ ఇన్ఫెక్షన్ భయం పెరుగుతుంది, రోగి పీక్కునే ప్రమాదమూ ఉంటుంది. చేతులు కట్టేయమని ఆ నర్సు ఒక్కసారి కూడా అనలేదు. "కట్టేస్తే భయం పెరుగుతుంది, మీరు పక్కన కూర్చోండి" అంది. ఇంటి నుంచి అమ్మ కళ్లద్దాలు, వినికిడి యంత్రం తెప్పించింది. కళ్లు కనబడక, చెవులు వినబడక కొత్త చోట పడుకుంటే మామూలు మనిషే తికమకపడతాడు! పగలు కిటికీ తెర తీసి ఉంచేవాళ్లు, రాత్రి దీపం తగ్గించి, తప్పనిసరైతే తప్ప లేపేవాళ్లు కాదు. నిటారుగా కూర్చోబెట్టి, చిన్న ముద్దలు పెట్టి, మింగిందని చూసుకున్నాకే రెండోది. తిన్న తర్వాత అరగంట పడుకోనిచ్చేవాళ్లు కాదు. మడమలు, నడుము కింది భాగం రోజూ చూసేవాళ్లు, ఎక్కడైనా ఎర్రబడితే పుండు మొదలవుతోందేమోనని.

మాట్లాడే తీరు కూడా అక్కడే చూశాను. ఆమె ఎప్పుడూ వెనక నుంచి వచ్చేది కాదు. ఎదురుగా వచ్చి, కళ్లలోకి చూసి, ఒక్క మాట చెప్పి ఆగేది. మూలలో మనిషి ఉన్నాడని అమ్మ అంటే లేడని వాదించలేదు. "మేమున్నాం, భయం లేదు" అనేది. అమ్మ ఊపిరి నెమ్మదించేది.

కోలుకోవడం తిన్నగా సాగలేదు. పొద్దున తేటగా ఉన్న మనిషి సాయంత్రానికి మళ్లీ తికమకలో పడేది. మొదట నిద్ర కుదుటపడింది, తర్వాత ఆకలి, ఇంటికి వచ్చి కొన్ని వారాలయ్యాక నడక. కొన్ని తిరిగి రాలేదు. ఇదివరకు తనే కుర్చీలోంచి లేచేది, ఇప్పుడు పట్టుకుని లేపాలి. డెలీరియం తగ్గినా మతిమరుపును ఇంకొంచెం కిందికి లాగిపోవచ్చని డాక్టరు ముందే చెప్పారు. బాధ ఉంది, అయినా బట్టలు మడతపెట్టే అమ్మ నాకు మళ్లీ దొరికింది.

ఇప్పుడు అమ్మ మందుల జాబితా మా తలుపు వెనక అంటించి ఉంది. దగ్గుకైనా, దురదకైనా, నిద్రకైనా, దుకాణంలో చీటీ లేకుండా దొరికేదైనా, కొత్త మాత్ర ఏది వచ్చినా ఆ జాబితా చూపించి, "ఇది మతిమరుపు మందుకు అడ్డం వస్తుందా?" అని అడిగాకే వేస్తాం.