బీసీఎల్-2 మీద నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు: వైవాలో ఆగి, చివరికి సంతకం పడింది

నిన్న సాయంత్రం నా ప్రాజెక్టు రిపోర్టు మీద ఎక్స్‌టర్నల్ (బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్) సంతకం పడింది. క్లాసులో మిగతా అందరికీ ఎప్పుడో అయిపోయింది. నాకు ఆపిన కారణం మాత్రం అన్యాయం. ప్రొటీన్ స్ట్రక్చర్ల మీద, అంటే ప్రొటీన్ల ఆకారాల మీద, ప్రాజెక్టు చేసే జూనియర్లు రేపు ఇదే చోట ఇరుక్కోవచ్చు. అందుకే కోపం తగ్గకముందే అంతా రాసి పెడుతున్నాను.

మాది కావలి పక్కన పల్లె. నెల్లూరులో ఒక కాలేజీలో బయోటెక్నాలజీ చదివాను. చివరి సెమిస్టర్‌లో ప్రాజెక్టు అనగానే మా క్లాసులో చాలామంది హైదరాబాదుకు ఫోన్లు చేశారు. డబ్బు కడితే టాపిక్కు, రిజల్ట్సు, గ్రాఫులు, ఆఖరికి కృతజ్ఞతల పేజీతో సహా రాసి, బైండింగ్ చేసి పంపే సెంటర్లు ఉన్నాయి. మా నాయన రొయ్యల గుంటల దగ్గర కాపలా పని చేస్తాడు. ఆయన్ని అంత డబ్బు అడగడం నాకు ఇష్టం లేదు. చేతిలో డబ్బున్నా కొనేదాన్ని కాదు. ఎవరో చేసిన పని మీద పేరు వేసుకుని చదువుకున్నాం అని చెప్పుకుంటే రేపు ల్యాబులో మైక్రోపిపెట్ పట్టుకున్న రోజు తెలిసిపోతుంది.

టాపిక్ నేనే ఎంచుకున్నాను. మన ఒంట్లో రోజూ కోట్లాది కణాలు ఒక పద్ధతి ప్రకారం తమంతట తామే చచ్చిపోతాయి. 1972లో కెర్, వైలీ, కరీ అనే ముగ్గురు దీనికి అపోప్టోసిస్ అని పేరు పెట్టారు. బీసీఎల్-2 జన్యువు 1980లలో లింఫోమా రోగుల కణాల్లో దొరికింది. క్యాన్సర్ జన్యువు కాబట్టి కణాన్ని గబగబా విభజించేదే అయివుంటుందని మొదట అనుకున్నారు. 1988లో మెల్‌బోర్న్‌లో డేవిడ్ వాక్స్, ఆయన తోటివాళ్లు చూపించింది వేరు: అది కణాన్ని చావనివ్వడం లేదు. పెరగడం వల్లే కాదు, చావాల్సింది చావకపోవడం వల్ల కూడా క్యాన్సర్ వస్తుందని క్లాసులో విన్న రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. అదే నా టాపిక్ అని అప్పుడే తేల్చుకున్నాను.

పని జరిగే తీరు క్లుప్తంగా చెప్తాను. కణం చావాలంటే బాక్స్, బాక్ అనే ప్రొటీన్లు మైటోకాండ్రియా బయటి పొరకు రంధ్రాలు చేయాలి. అప్పుడు సైటోక్రోమ్-సి బయటికి వచ్చి కాస్పేజ్ ఎంజైములను లేపుతుంది. బీసీఎల్-2 జన్యువు తయారుచేసే ప్రొటీన్ పేరు కూడా బీసీఎల్-2యే, దాని ఒంటి మీద ఒక పొడవాటి గాడి ఉంది. చావు కబురు తెచ్చే ప్రొటీన్ల బీహెచ్3 హెలిక్సును (స్ప్రింగులా చుట్టుకున్న ముక్కను) అది ఆ గాడిలో పట్టి ఉంచుతుంది. వెనిటోక్లాక్స్ అనే మందు సరిగ్గా ఆ గాడిలోనే కూర్చుని పట్టు విడిపిస్తుంది. అమెరికాలో 2016 ఏప్రిల్‌లో దానికి అనుమతి వచ్చింది, మొదట ఒక రకం ల్యుకేమియాకు (రక్త క్యాన్సర్‌కు) వాడారు. కొందరు రోగుల్లో కొంతకాలానికి బీసీఎల్-2లో 101వ స్థానంలో గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం పోయి వేలిన్ వస్తుంది, అప్పటి నుంచి మందు సరిగ్గా అంటుకోదు. ఎందుకు అంటుకోదో డాకింగ్‌తో, అంటే ప్రొటీన్‌లో మందు ఎలా కూర్చుంటుందో కంప్యూటర్‌లో లెక్కగట్టి, చూడటమే నా ప్రాజెక్టు.

సాఫ్ట్‌వేర్లన్నీ ఉచితమే. ఆటోడాక్ వైనా, యూసీఎస్ఎఫ్ కైమెరా చాలు. ప్రొటీన్ల స్ట్రక్చర్లు దాచిపెట్టే ప్రొటీన్ డేటా బ్యాంకు నుంచి మామూలు ప్రొటీన్‌కు 6ఓ0కె, మారిన దానికి 6ఓ0ఎల్ అనే ఫైళ్లు తీసుకున్నాను. వెతికేటప్పుడు జాగ్రత్త, రెండోది ఓ అక్షరం, మూడోది సున్నా. పాత ల్యాప్‌టాప్ మీద రాత్రి పని పెట్టి పడుకుంటే తెల్లారేసరికి ఫలితం ఉండేది, కరెంటు పోకపోతే. గైడ్ మేడమ్ మంచివారు, అడిగినవాటికి ఓపిగ్గా చెప్పారు. కాపీ ఎంతుందో చూసే సిమిలారిటీ రిపోర్టు యూజీసీ చెప్పిన 10 శాతం లోపే వచ్చింది. బైండింగ్ ట్రంకు రోడ్డులో చేయించాను. ఇదంతా సాఫీగా సాగింది.

అసలు కథ వైవా రోజు మొదలైంది.

ఎక్స్‌టర్నల్ సార్ రిపోర్టు తిరగేస్తూ సీక్వెన్స్ (అమైనో ఆమ్లాల వరుస) పేజీ దగ్గర ఆగారు.

"బీసీఎల్-2లో ఎన్ని అమైనో ఆమ్లాలమ్మా?"

"239 సార్."

"నీ దాంట్లో 34 తర్వాత 92 వచ్చింది. మధ్యలోవి యాడికి పోయినాయ్?"

అది లూప్ అనీ, స్ట్రక్చర్ తీసినవాళ్లే దాన్ని మార్చారనీ చెప్పడం మొదలుపెట్టాను. ఆయన చెయ్యెత్తి ఆపారు. "ఇక్కడ బీసీఎల్-ఎక్స్ఎల్ అనే ఇంకో ప్రొటీన్ సీక్వెన్స్ ఉంది. రెండు ప్రొటీన్లు కలిపి అతికించి బీసీఎల్-2 అని రాస్తే మేం చూడమనుకున్నావా? ఏ సెంటర్ వాళ్లు చేసిచ్చారమ్మా నీకు?"

ఆ మాటతో నా నోరు ఎండిపోయింది. నా వెనక కుర్చీల్లో నిజంగానే సెంటర్లలో కొన్నవాళ్లు కూర్చుని ఉన్నారు. వాళ్లకు రెండు ప్రశ్నలు వేసి "గుడ్" అని పంపించేశారు. ల్యాప్‌టాప్ తెరిచి ఫైల్ చూపిస్తాను సార్ అన్నాను. "కంప్యూటర్ బొమ్మలు నాకొద్దు, ప్రొటీన్ సరిచేసుకుని రా" అని రిపోర్టు పక్కన పెట్టేశారు. ఇంటర్నల్‌గా కూర్చున్న మా సార్ ఒక్క మాట మాట్లాడలేదు. మేడమ్ ఆ రోజు సెలవు. బయటికొచ్చి వరండాలో నిలబడితే మా వాళ్లలో ఒకడు "నువ్వు కూడా కొనుక్కోనుంటే పోయేది కదా" అన్నాడు. ఆ పిల్లవాడి మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఇప్పుడు అసలు విషయం చెప్తాను, ఇది తెలియక ఎవరూ నాలాగా నిలబడకూడదు. డేటా బ్యాంకులో ఉన్న బీసీఎల్-2 స్ట్రక్చర్లలో చాలావాటిలో పూర్తి ప్రొటీన్ ఉండదు. మొదటి హెలిక్సుకు, రెండో హెలిక్సుకు మధ్య ఒక పొడవాటి లూప్ ఉంది. దానికి స్థిరమైన ఆకారం లేదు, చిక్కు విప్పి వదిలేసిన నూలు పోగులాగా ఎటుపడితే అటు కదులుతుంది. 1996లో బీసీఎల్-2కు దగ్గరి చుట్టమైన బీసీఎల్-ఎక్స్ఎల్ స్ట్రక్చర్ మొదటిసారి తీసినప్పుడు ప్రొటీన్‌లో లూప్ ఉన్నా క్రిస్టల్ ఫొటోలో అది కనబడనే లేదు. ఇక ప్రొటీన్ చివరి తోక మైటోకాండ్రియా పొరలో దిగబడి ఉండే భాగం. దానికి నీళ్లంటే పడదు. తోకతో సహా తయారుచేస్తే ప్రొటీన్ ముద్దకట్టి కిందికి దిగిపోతుంది. అందుకని 2001లో బీసీఎల్-2 స్ట్రక్చర్‌ను ఎన్‌ఎమ్‌ఆర్‌తో (క్రిస్టల్ లేకుండా ద్రావణంలోనే ఆకారం తేల్చే పద్ధతితో) తీసినవాళ్లు 35 నుంచి 91 వరకు ఉన్న లూప్ తీసేసి, ఆ చోట బీసీఎల్-ఎక్స్ఎల్ లూప్‌లోని 16 అమైనో ఆమ్లాల చిన్న ముక్క పెట్టారు. 207 దగ్గర తోక కోసేశారు. అది ప్రొటీన్ డేటా బ్యాంకులో 1జి5ఎమ్ పేరుతో ఉంది. తర్వాత మందులతో తీసిన స్ట్రక్చర్లకు కూడా ఈ పద్ధతే పనికొచ్చింది. ఇందులో దాపరికం ఏమీ లేదు. ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే పైనే డీబీరెఫ్ అనే వరుసలుంటాయి. ఏ ముక్క ఏ ప్రొటీన్‌దో యూనిప్రాట్ (ప్రొటీన్ సీక్వెన్సుల డేటాబేస్) నంబర్లతో సహా అక్కడ రాసి ఉంటుంది. బీసీఎల్-2ది పీ10415, బీసీఎల్-ఎక్స్ఎల్‌ది క్యూ07817. ఒక్క నిమిషం చూస్తే తేలిపోయే దానికి నా మీద దొంగతనం ముద్ర వేశారు.

తెలియకపోవడం తప్పు కాదు. ఆయన సబ్జెక్టు మొక్కల టిష్యూ కల్చర్ అని తర్వాత తెలిసింది. తెలియని చోట పిల్లలు చెప్పేది పూర్తిగా విని తర్వాత నిర్ణయం చెప్పాలి. మన కాలేజీల్లో వైవా అంటే పిల్లల్ని తగ్గించే కార్యక్రమం అయిపోయింది. కొనుక్కొచ్చినవాళ్లు ధైర్యంగా ఉంటారు, ఎందుకంటే పోయేదేమీ లేదు. సొంతంగా చేసినవాళ్లకే గుండె దడ.

హెచ్‌ఓడీ గారి దగ్గరికి వెళ్తే "ఆయన చెప్పినట్టు మార్చేయమ్మా, గొడవెందుకు" అన్నారు. ఏం మార్చాలి? పూర్తి 239 ఉన్న క్రిస్టల్ స్ట్రక్చర్ నేను ఎక్కణ్నుంచి తేవాలి? ఆఫీసులో క్లర్కు గారు మళ్లీ వైవా కావాలంటే మళ్లీ ఫీజు కట్టమన్నారు, రసీదు ఎప్పుడిస్తారంటే చెప్పరు. ఆ ఆఫీసుకు వెళ్లేటప్పుడు ప్రతి కాగితం జిరాక్స్ తీసుకుని, ఒక కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. నోటిమాటను నమ్మొద్దు.

నన్ను ఆదుకున్నది ఇదివరకు మాకు బయోకెమిస్ట్రీ చెప్పి రిటైరైన ఒక మాస్టారు. ఒంగోలులో ఉంటారు. ఫోన్లో అంతా విని, "వాదించొద్దమ్మా, కాగితాలు పెట్టు" అన్నారు. డీబీరెఫ్ వరుసలు, 2001 పేపర్‌లో ప్రొటీన్ ఎలా తయారుచేశారో రాసిన పేజీ, 2019లో 6ఓ0కె, 6ఓ0ఎల్ ప్రకటించిన పేపర్‌లో అదే భాగం, అన్నీ ప్రింట్ తీశాను. గీతలు పెట్టి, గైడ్ మేడమ్ సంతకంతో కవరింగ్ లెటర్ జత చేసి హెచ్‌ఓడీ గారికి ఇచ్చాను. మేడమ్ ఈసారి నా పక్కన నిలబడ్డారు. అది మర్చిపోను.

రెండో వైవాకు అదే సార్ వచ్చారు. కాగితాలు చాలాసేపు చదివారు. తర్వాత అడిగిన ప్రశ్న మాత్రం మంచిది: "లూప్ లేకపోతే నీ ఫలితం మారదని గ్యారంటీ ఏంది?"

దీని కోసమే నేను ఎదురుచూస్తున్నాను. లూప్ పనికిమాలింది కాదు సార్ అన్నాను. దాంట్లో 70వ సెరీన్‌కు ఫాస్ఫేట్ చేరుతుంది. కాస్పేజ్-3 సరిగ్గా 34వ ఆస్పార్టేట్ దగ్గర నరికితే కాపాడే బీసీఎల్-2యే చంపే వైపు తిరుగుతుంది. కానీ మందు కూర్చునే గాడిలో లూప్ ముక్క లేదు, ఆ గాడి గోడలన్నీ బీసీఎల్-2వే. నావిటోక్లాక్స్ అనే ముందటి మందు బీసీఎల్-ఎక్స్ఎల్‌కు కూడా అంటుకుని ప్లేట్‌లెట్లను తగ్గించేది, ఎందుకంటే ప్లేట్‌లెట్లు బతికేది బీసీఎల్-ఎక్స్ఎల్ మీదే. వెనిటోక్లాక్స్ 103వ ఆస్పార్టేట్‌ను పట్టుకుని ఆ తేడా గుర్తుపడుతుంది. ఇక 101లో వేలిన్ వస్తే అది నేరుగా మందును తోయదు, పక్కనున్న 152వ గ్లూటమేట్‌ను జరుపుతుంది, ఆ గ్లూటమేట్ వచ్చి మందుకు అడ్డం పడుతుంది. రెండు స్ట్రక్చర్లు ఒకదాని మీద ఒకటి పెట్టిన బొమ్మ చూపించాను. మందు ఎంత గట్టిగా అంటుకుంటుందో చెప్పే వైనా స్కోర్లలో తేడా తక్కువే వచ్చిందని, డాకింగ్‌లో ప్రొటీన్ కదలదు కాబట్టి స్కోరు ఒక్కటే చూసి నమ్మకూడదని రిపోర్టులో ముందే రాసి ఉంది, అది కూడా చూపించాను. ఆయన ఈసారి బొమ్మ చూశారు. ప్రొటీన్ మలుపుల కోణాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసే రామచంద్రన్ ప్లాట్ గురించి అడిగారు, చెప్పాను. సంతకం పెట్టారు. సెంటర్ మాట గురించి సారీ ఏమీ లేదు. ఆ రోజు విన్న పిల్లలందరి ముందు ఆ మాట వెనక్కి తీసుకోవాల్సింది, తీసుకోలేదు.

జూనియర్లకు ఒక్క విషయం. సీక్వెన్స్ పేజీలోనే, మొదటి వాక్యంగా, ఇది కలిపి చేసిన ప్రొటీన్ అని రాయండి. ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా ఎవరిదో పట్టిక వేయండి. ఎక్కడో మెథడ్స్‌లో ఉంటే ఎవరూ చదవరు. పూర్తి ప్రొటీన్ చూపించమంటే కంప్యూటర్ ఊహించిన ప్రొటీన్ ఆకారాలుండే ఆల్ఫాఫోల్డ్ డేటాబేస్‌లో 239 ఉన్న మోడల్ దొరుకుతుంది, కానీ అందులో లూప్ దగ్గర నమ్మకం తక్కువని రంగే చెప్తుంది. దాన్ని పక్క బొమ్మగా పెట్టండి, డాకింగ్ మాత్రం క్రిస్టల్ మీదే చేయండి. నా రిపోర్టు, ఆ ప్రింట్లు డిపార్ట్‌మెంట్ బీరువాలో ఉన్నాయి. అడిగితే గైడ్ మేడమ్ ఇస్తారు. ఫీజు రసీదు నాకింకా రాలేదు, సోమవారం మళ్లీ ఆఫీసుకు వెళ్తున్నాను.