ఖాళీ చిప్ప ఒక్కటీ లేదు

మా అన్నయ్య కూతురు డాలస్‌లో పదో తరగతి చదువుతోంది. మొన్న డిసెంబరు సెలవులకు హైదరాబాదు వచ్చినప్పుడు సంచిలోంచి చిన్న మఖమలు డబ్బా తీసి నా చేతిలో పెట్టింది. లోపల శనగగింజంత ముత్యం, సిరానీలం రంగులో మెరుస్తోంది. పుట్టినరోజు కానుకగా వాళ్ల అమ్మ ఫేస్‌బుక్ లైవ్‌లో ఒకామె దగ్గర ముత్యపు చిప్ప కొని, తెరవమని చెప్పిందట. చిప్ప తెరిచేదాకా అందులో ఏముందో ఎవరికీ తెలియదని, ఏ రంగు వస్తే అది నీ అదృష్టమని, నీలం వచ్చిందంటే ధైర్యానికి గుర్తని ఆ అమ్మకందారు చెప్పిందట. దానికి బెజ్జం వేయించి వెండి లాకెట్‌లో పెట్టించుకోవాలని, ఆ పని హైదరాబాదులోనే జరగాలని పిల్ల దాన్ని అంత దూరం నుంచి భద్రంగా తెచ్చుకుంది.

చార్మినార్ దగ్గరి పత్తర్‌గట్టి ముత్యాల బజారులో మా అమ్మ ముత్యాల దండకు ఏళ్ల తరబడి దారం మార్చి గుచ్చి ఇస్తున్న పెద్దాయన ఒకరున్నారు. మేము ఆయన్ని చాచా అని పిలుస్తాము. ఆయన ముత్యాన్ని అరచేతిలో నెమ్మదిగా దొర్లించి చూసి, నిండు గుండ్రం కాదని చెప్పి, చిన్న మచ్చ ఉన్న వైపు చూసుకుని సగం లోతు వరకు బెజ్జం వేశారు. తరువాత పదింతలు చూపే భూతద్దం కంటికి ఆనించుకుని ఆ బెజ్జంలోకి చాలాసేపు చూశారు. "ఇది మంచినీటి ముత్యం బేటీ, రంగు వేశారు" అన్నారు. పిల్ల ముఖం ఎర్రబడింది. "కాదు అత్తా, నేను చూస్తుండగానే చిప్పలోంచి తీశారు, వీడియో కూడా ఉంది" అని ఫోను తీసి చూపించింది. వీడియోలో చేతి తొడుగులు వేసుకున్న ఆ అమ్మాయి కత్తితో చిప్ప తెరుస్తోంది, మాంసాన్ని వేలితో పక్కకు జరుపుతోంది, నీలపు ముత్యం నిజంగానే అందులోంచి బయటపడుతోంది.

పిల్ల చూసిందీ నిజమే, చాచా చెప్పిందీ నిజమే. ఆ రెండూ ఎలా కుదురుతాయో ఆమెకు అర్థమయ్యేలా చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది, ఎందుకంటే ముందు నేను సరిగ్గా తెలుసుకోవలసి వచ్చింది.

ఆ చిప్ప అకోయా జాతిది. జపాన్, చైనా తీరాల్లో ముత్యాల కోసం పెంచే చిన్న సముద్రపు చిప్ప అది. మన మన్నార్ సింధుశాఖలో దొరికే ముత్యపు చిప్పకు దగ్గరి చుట్టం. మికిమోటో కోకిచి 1893లో తొలిసారిగా అర్ధగోళాకారపు ముత్యాన్ని పండించింది ఈ అకోయాలోనే. ఇప్పుడు పండించే పద్ధతిలో అమెరికా నదుల్లోని ఆల్చిప్పల గుల్లను గుండ్రని పూసగా చెక్కి, మరో చిప్ప నుంచి కోసిన చిన్న కణజాలపు ముక్కతో కలిపి అకోయా ఒంట్లో ఉంచుతారు. చిప్ప ఆ పూస చుట్టూ సన్నని ముత్యపు పొరలు అల్లుకుంటుంది. అందువల్ల అకోయా ముత్యానికి బెజ్జం వేసి భూతద్దంతో చూస్తే లోపలి పూసకూ పైపొరకూ మధ్య సన్నని గీత కనిపిస్తుంది. చాచా వెతికింది ఆ గీత కోసమే. అది లేదు. లోపలి దాకా అంతా ముత్యపు పదార్థమే, నీలం మాత్రం పై అంచునే ఆగిపోయింది. చైనాలోని జెజియాంగ్ రాష్ట్రంలో, ముఖ్యంగా జూజీ పట్టణం చుట్టూ, చెరువుల్లో పెంచే పెద్ద ఆల్చిప్పల్లో పండే ముత్యాల లక్షణం ఇది. వాటిలో ఎక్కువ భాగానికి పూస పెట్టరు, కణజాలపు ముక్కలు మాత్రమే పెడతారు. ఒక్క ఆల్చిప్పలో ఒకేసారి ఇరవై, ముప్పై ముత్యాలు పండుతాయి. వాటి సహజమైన రంగులు తెలుపు, నారింజ కలిసిన గులాబి, లేత ఊదా. సిరానీలం వాటికీ రాదు, అకోయాకూ రాదు. కంటితో తేల్చలేని చోట ప్రయోగశాలలో మాంగనీసు పాలు చూసి కూడా తేల్చవచ్చు. మంచినీటి ముత్యాల్లో అది సముద్రపు ముత్యాల్లో కన్నా ఎక్కువగా ఉంటుంది.

అంటే చెరువులో పండిన ముత్యాన్ని కోసి తీసి, రంగులో ముంచి, ముత్యమే పండని లేత అకోయా చిప్పను తెరిచి, దాని మాంసంలో గాటు పెట్టి అందులో దోపి, మళ్లీ మూసి, పాడుకాకుండా ఉంచే ద్రవంతో సహా గాలి చొరబడని ప్యాకెట్‌లో బిగించి అమెరికాకు పంపారన్న మాట. ప్రాణం పోయిన చిప్ప మామూలుగా నోరు తెరుచుకుంటుంది, ఇవి ప్యాకెట్ బిగువు వల్ల మూసుకుని ఉంటాయి. ప్యాకెట్ కత్తిరించగానే ఘాటైన వాసన వచ్చిందని వీడియోలో ఆ అమ్మాయి నవ్వుతూ చెప్పింది కూడా.

ఇక్కడ నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టింది మరో సంగతి. ఆ రాత్రి మేనకోడలు, నేను కూర్చుని ఆ వీడియో మొత్తం, గంటా ఇరవై నిమిషాలు, మొదటి నుంచి చూశాము. నలభై ఒక్క చిప్పలు తెరిచారు. నలభై ఒక్కింటిలోనూ ముత్యం ఉంది. ఆరింటిలో రెండేసి ఉన్నాయి, ఆ జంటల్లో కొన్ని ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ. ఖాళీ చిప్ప ఒక్కటీ లేదు. పిల్ల తనంతట తానే లెక్క పెట్టుకుని, చివరికి నా వైపు చూసింది. నేనేమీ చెప్పవలసిన అవసరం లేకపోయింది.

నిజంగా తెలియని చిప్పను కొనడం అంటే ఎలా ఉంటుందో చరిత్రలో చూడవచ్చు. బ్రిటిష్ కాలంలో మన్నార్ సింధుశాఖకు ఆవలి ఒడ్డున, సింహళంలోని మరిచ్చుకట్టి తీరాన ముత్యాల వేట జరిగినప్పుడు, మునిగాళ్లు పైకి తెచ్చిన చిప్పల్లో మూడో వంతు వాళ్లకు పోగా మిగిలినవాటిని ప్రభుత్వం తెరవకుండానే వెయ్యి లెక్కన వేలం వేసేది. 1905లో ఒక్క సీజనులోనే 8 కోట్లకు పైగా చిప్పలు పైకి వచ్చాయి. కొన్న వర్తకులు వాటిని కుళ్లబెట్టి, కడిగి, అడుగున మిగిలిన గసిలో ముత్యాలు ఏరుకునేవారు. వేలకొద్దీ చిప్పలు వట్టిపోయేవి, దొరికినవాటిలో చాలావరకు ఇసుక రేణువులంతే ఉండేవి. ఆ వేలంలో అమ్మేవాడికీ తెలియదు, కొనేవాడికీ తెలియదు. కొందరు నష్టపోయారు, కొందరు గెలిచారు, ఎవరూ ఎవరినీ మభ్యపెట్టలేదు. మన వైపు తూత్తుకుడిలో అటువంటి వేట చివరిసారిగా 1961లో జరిగింది.

ముత్యాలు పండించే రైతు కూడా చిప్పను మూసి అమ్ముకోడు. చలికాలంలో చిప్పలు తెరిచి, ముత్యాలను మెరుపును బట్టి, సైజును బట్టి, ఆకారాన్ని బట్టి ఏరినప్పుడే అతని ఏడాది కష్టానికి విలువ తేలుతుంది. చాలా చిప్పలు మధ్యలోనే చచ్చిపోతాయి, బతికినవాటిలో మేలిరకం కొద్దిగానే వస్తుంది, ఆ కొద్దిపాటి మీదే అతని బతుకు ఆధారపడి ఉంటుంది. ఏది మేలిరకమో చూసుకోకుండా కొద్ది డాలర్లకు వదిలేసే రైతు ఎక్కడా ఉండడు. టోకు వర్తకుల జాబితాలు నేను వెతికి చూశాను. ప్యాకెట్ల పక్కనే ముత్యం సైజు, రంగు, లోపల ఒకటా రెండా అన్నది ముందే రాసి ఉంది. అటువంటి ప్యాకెట్లు, గొలుసుతో సహా డబ్బాలో పెట్టి, మన దేశపు ఆన్‌లైన్ దుకాణాల్లో కూడా దొరుకుతున్నాయి.

లైవ్‌లో అమ్మే ఆ అమ్మాయిని మోసగత్తె అని నేను అనలేను. తన ఇంటి వంటగదిలో కూర్చుని, పక్కగదిలో పసిపిల్లను పడుకోబెట్టి అమ్ముతున్నట్టు వీడియోలో మాటల మధ్య తెలుస్తూనే ఉంది. టోకు వర్తకుడు చెప్పిన మాటను ఆమె నమ్మి ఉండవచ్చు. అయినా కొంతకాలం అమ్మాక, నలభైకి నలభై చిప్పల్లోనూ ముత్యం రావడం చూశాక, అనుమానం రాకుండా ఉండదు. అనుమానం వచ్చిన తరువాత కూడా "చూద్దాం, సముద్రం మీకేమి ఇచ్చిందో" అని చెప్పడాన్ని మాత్రం నేను క్షమించలేను. పైగా ముత్యం బయటికి రాగానే దాన్ని కొలబద్ద పక్కన పెట్టి, ఒక పట్టిక చూపించి, దీని విలువ మీరు ఇచ్చినదానికి ఎన్నో రెట్లు అని చెప్పారు. రంగు వేసిన అంత చిన్న మంచినీటి ముత్యం పత్తర్‌గట్టిలో ఎంతకు వస్తుందో చాచాను అడిగాను. లాకెట్‌కు పట్టే వెండిలో పదో వంతు కూడా ఉండదన్నారు.

చట్టం దీని గురించి మౌనంగా లేదు. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2018లో సవరించిన ఆభరణాల మార్గదర్శకాల ప్రకారం, పండించిన ముత్యాన్ని "కల్చర్డ్" అన్న మాట లేకుండా వట్టి ముత్యం అని అమ్మడమే తప్పుదారి పట్టించడం కిందికి వస్తుంది. విలువను బాగా మార్చే రంగుల సంగతీ కొనేవారికి చెప్పాలి. మన 2019 వినియోగదారుల రక్షణ చట్టం కూడా సరుకు నాణ్యత గురించి, కూర్పు గురించి తప్పుడు మాట చెప్పడాన్ని అనుచితమైన వ్యాపార పద్ధతిగానే చూస్తుంది. మా వదిన అమ్మకందారుకు మర్యాదగా ఒక ఉత్తరం రాసింది. ఇప్పటివరకు జవాబు రాలేదు.

ఇంత విన్నాక మేనకోడలు నన్నొక ప్రశ్న అడిగింది. "మరి హైదరాబాదు ముత్యాలు కూడా హైదరాబాదువి కావు కదా అత్తా?" న్యాయమైన ప్రశ్న. మనకు సముద్రమే లేదు. నిజాముల కాలంలో గల్ఫ్ నుంచి బస్రా ముత్యాలు వచ్చేవి, ఇప్పుడు అధికభాగం చైనా చెరువుల నుంచి వస్తున్నాయి. ఇక్కడివారి చేతిలో ఉన్నది బెజ్జం వేసే నేర్పు, రంగు సరిచూసి జత కుదిర్చే కన్ను, గుచ్చే పని. ఈ బజారులోనూ చైనా ముత్యాన్ని బస్రా అని అంటగట్టేవారు లేరని నేను ప్రమాణం చేయలేను. కానీ ముప్పై ఏళ్లుగా మా ఇంటి ముత్యాలు చూస్తున్న చాచా, మేము అడగకపోయినా, ఇది ఎక్కడిది, ఏ రకం అని మొదట చెప్పి ఆ తరువాతే ధర చెబుతారు. ఆ తేడాను పిల్లకు మాటల్లో ఎంత చెప్పినా చాలదనిపించి, మరునాడు మళ్లీ ఆయన దగ్గరికే తీసుకెళ్లాను.

ముత్యం వద్దంటుందేమో అనుకున్నాను. కానీ లాకెట్ చేయించమనే చెప్పింది, అది వాళ్ల అమ్మ ఇచ్చిందని. చాచా జిగురు వేసి, వెండి పుల్ల మీద ముత్యాన్ని నిలబెట్టి, ఆరేదాకా గిన్నెలోని ఆవాల్లో గుచ్చి ఉంచారు. డబ్బు తీసుకుని, రసీదు మీద ఉర్దూలోనూ, కింద వంకర టింకర తెలుగులోనూ రాసి ఇచ్చారు: "మంచినీటి కల్చర్డ్ ముత్యం 1, రంగు వేసినది." పిల్ల ఆ రసీదును నాలుగు మడతలు పెట్టి, డబ్బాలో లాకెట్ కింద పెట్టుకుంది.