పెట్ట పొదుగుకు కూర్చున్న పద్దెనిమిదో రోజు

మే 28, గురువారం. రోహిణి కార్తె.

తెల్లవారుజామున నాలుగున్నరకే మెలకువ వచ్చింది. కరెంటు లేదు. పెరట్లో మునగచెట్టు మీద నుంచి డేగ పుంజు రెండు కూతలు కూసి ఊరుకుంది. డేగ, కాకి, నెమలి అని మేం కోళ్లను ఈకల రంగును బట్టి పిలుస్తాం. వారం రోజులుగా మా కోళ్లు గూట్లో పడుకోవడం లేదు. రెంటచింతలకు దగ్గర ఊరు మాది. ప్రహరీకైనా, గచ్చుకైనా, కోళ్ల గూటికైనా ఇక్కడ నాపరాళ్లే. పగలంతా ఎండ తాగిన రాయి రాత్రి పదింటి దాకా సెగ కక్కుతూనే ఉంటుంది. నిన్న సాయంత్రం గూట్లో చెయ్యి పెట్టి చూశాను. పొయ్యి మీంచి అప్పుడే దించిన పెనంలా ఉంది. చీకటి పడే వేళకు కోళ్లు ఒక్కొక్కటే గూటి దాకా వచ్చి, తల లోపలికి పెట్టి చూసి, వెనక్కి తిరిగి చెట్టెక్కాయి. జంగుపిల్లి భయం ఉన్నా వాటిని పట్టి లోపల వేయడానికి నాకు మనసొప్పలేదు.

ఐదున్నరకల్లా నూకలు, జొన్నలు చల్లేశాను. తొమ్మిది దాటాక మళ్లీ సాయంత్రం దాకా గింజ వేయడం లేదు. తిన్నది అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది. ఆ వేడికి మధ్యాహ్నపు ఎండ తోడైతే కోడి తట్టుకోలేదు. మనకైతే చెమట పడుతుంది, దానికి చెమట గ్రంథులే లేవు. నోరు తెరిచి రొప్పాలి, రెక్కలు ఒంటికి తగలకుండా ఎడంగా పట్టుకోవాలి, తురాయి నుంచి, కాళ్ల నుంచి కొంత వేడిని వదలాలి. అంతకు మించి దారి లేదు. మామూలు రోజుల్లోనే కోడి ఒళ్లు 41, 42 డిగ్రీలుంటుంది.

ఇవన్నీ నాకు మంగళవారం తర్వాత బాగా తలకెక్కాయి. ఆ రోజు మధ్యాహ్నం వనరాజా పెట్ట చనిపోయింది. నాటుకోడి కన్నా బరువైన పక్షి. ఒళ్లు బరువైన కొద్దీ ఎండదెబ్బ ముందుగా తగులుతుంది. జాతిని అని లాభం లేదు. నీళ్లు పెట్టిన ప్లాస్టిక్ తొట్టి పన్నెండింటికల్లా ఎండలోకి వస్తుందని నేను చూసుకోలేదు. ఆ నీళ్లలో వేలు పెడితే స్నానానికి కాచినట్టున్నాయి. పాపం, ఎన్నిసార్లు ముక్కు పెట్టి తీసేసిందో. ఇప్పుడు వేపచెట్టు కింద తడి ఇసుకలో సగం దాకా పాతిన మట్టి మూకుళ్లలో నీళ్లు పోస్తున్నాను. పూటకు రెండుసార్లు మారుస్తున్నాను. పదకొండింటికి పల్చటి మజ్జిగ. ఇవాళ అన్నీ ఆ మూకుళ్ల చుట్టూనే తడి ఇసుకలో పొట్టలు ఆనించి పడుకున్నాయి.

పొద్దున తొట్టి వెనక ఒక తోలుగుడ్డు దొరికింది. కాకి పెట్ట పెట్టి ఉంటుంది. అరచేతిలోకి తీసుకుంటే పెంకే లేదు. పల్చటి పొర, లోపల సొన అటూ ఇటూ కదలడం చేతికి తెలుస్తోంది. అత్తయ్య చూసి, "దిష్టి తగిలింది" అంది. దిష్టి కాదు, రొప్పే. అంతగా రొప్పినప్పుడు ఊపిరితో బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా పోయి, పెంకు కట్టడానికి కావలసిన సున్నం సరిగా అందదు. మేతలో గవ్వల పొడి కలిపినా ఎండాకాలంలో పెంకు పల్చబడేది ఇందుకే. అత్తయ్యకు చెబితే విని, "అయినా దిష్టి తీస్తే పోయిందేముంది" అని ఉప్పు తెచ్చింది. తీయనిచ్చాను.

అసలు సంగతి నెమలి పెట్టది. ఈ నెల 10న దాన్ని పదకొండు గుడ్ల మీద కూర్చోబెట్టాం. అత్తయ్య వద్దనే అంది. "ఎండలు ముదిరాక పొదగేస్తే గుడ్లు మురుగుతాయి. మృగశిర రానివ్వు అమ్మాయ్, తొందరేముంది?" అంది. కానీ ఆ పెట్ట నాలుగు రోజులుగా ఉత్త నాపరాయి మీద కూర్చుని లేవడం లేదు. చూడలేక ఒప్పించాను. గంపలో అడుగున ఇసుక, పైన వరిగడ్డి, ఉరుములకు గుడ్లు చెడకుండా అత్తయ్య పెట్టిన ఇనుప మేకు, బొగ్గుముక్క. ఎనిమిదో రోజు రాత్రి టార్చి వెలుగులో చూసి రెండు వట్టి గుడ్లు తీసేశాను. మిగిలినవి తొమ్మిది.

మధ్యాహ్నం రెండింటికి వరండాలో థర్మామీటరు 45 చూపిస్తోంది. గంప ఉన్నది రేకుల గదిలో. తలుపు తీయగానే సెగ ముఖాన కొట్టింది. పెట్ట కూర్చుని లేదు. గుడ్ల మీద సగం లేచి, కాళ్లు ఎడంగా పెట్టి, రెండు రెక్కలూ విప్పి నిలబడి ఉంది. నోరు తెరుచుకునే ఉంది. గొంతు కింద చర్మం ఆగకుండా వణుకుతోంది. పొదుగు వదిలేస్తోందని నా గుండె జారిపోయింది. కాసేపు అక్కడే గొంతుక్కూర్చుని చూశాక గాని అర్థం కాలేదు. గుడ్లకు కావలసింది ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది డిగ్రీలు. గదిలో గాలే అంతకన్నా వేడిగా ఉంది. ఇప్పుడు ఆ గుడ్లకు వెచ్చదనం అక్కర్లేదు, నీడ కావాలి. ఒంటిని పైకెత్తి, కింద గాలి ఆడనిచ్చి, రెక్కలను పందిరిలా పట్టి నిలబడింది ఆ తల్లి. తన దప్పిక మాట ఏమైందో! పక్కనే నీళ్లున్నా దిగలేదు.

నాకు ఏడుపొచ్చింది. పొదగడమంటే వేడి ఇవ్వడమనే ఇన్నాళ్లూ అనుకున్నాను.

అత్తయ్యను పిలిచాను. ఇద్దరం చెరో పక్కా పట్టుకుని, పెట్టతో సహా గంపను పాత మట్టిగోడల గదిలోకి మార్చి మంచం కింద పెట్టాం. నా మణికట్టు మీద రెండుసార్లు పొడిచింది. కిటికీకి తడి గోనెసంచి కట్టాం. గుడ్ల మీద పడకుండా గంప అంచుల వెంట ఇసుకను కాస్త తడిపాను. చివరి మూడు రోజులూ గుడ్లకు చెమ్మ ఎక్కువ కావాలి. గాలి ఎండిపోతే లోపలి పొర పిల్లకు అంటుకుపోయి బయటికి రాలేదు. అత్తయ్య మూకుడు ముక్కు దగ్గరికి పట్టుకుంటే నిలబడే తాగింది. పది గుక్కలు లెక్కపెట్టాను. ఒక్కో గుక్కకూ తల పైకెత్తి, మింగి, మళ్లీ వంచింది. "ఎందుకు వద్దన్నానో ఇప్పుడు తెలిసిందా?" అని అత్తయ్య అనలేదు. చీర కొంగుతో దానికి విసురుతూ కూర్చుంది.

కోళ్ల పేరు చెబితే మా పల్నాడులో ఎవరికైనా పుంజులే గుర్తొస్తాయి. కోడిపోరులో ఓడి బ్రహ్మనాయుడి పక్షం మాచర్ల విడిచి ఏడేళ్లు వలస పోయిందని కథ చెప్పుకునే నేల ఇది. ఆ పుంజులు ఏ పెట్ట రెక్కల కింద, ఏ ఎండకు ఓర్చుకుని పుట్టాయో ఎవరూ చెప్పగా నేను వినలేదు.

సాయంత్రం ఆరింటికి మళ్లీ మేత వేశాను. గూటి పైకప్పు మీద తాటాకులు పరిచి నీళ్లు కొట్టాను. రేపటి నుంచి పొద్దున్నే ఈ పని చేయాలి. పిల్లలు దిగితే ఏడో రోజుకు కొక్కెర తెగులు రాకుండా టీకా చుక్కల మందు వేయించాలి. ఈ ఎండల్లో దాన్ని మంచులో పెట్టి తేకపోతే పనిచేయదు. థర్మాస్ ఫ్లాస్కు వెతికి కడిగి ఆరబెట్టాను. ఆదివారానికి ఇరవై ఒక్క రోజులు.

రాత్రి పది. ఇప్పుడే మంచం కిందికి వంగి చూసి వచ్చాను. గది కాస్త చల్లబడింది. రెక్కలు దించి, తొమ్మిది గుడ్లనూ పొట్ట కిందికి లాక్కుని, నిండుగా కూర్చుంది. రొప్పు ఆగింది.