టాక్స్ ఎంత పడుద్దో ముందే చూసుకోండి

జనవరిలో పొదుపులు, లోన్ లాంటివాటికి ప్రూఫులు పెట్టమని హెచ్ఆర్ మెయిల్ వచ్చాకే ఆఫీసులో అందరికీ టాక్స్ గుర్తొస్తుంది, అప్పటికి మిగిలేది రెండు మూడు జీతాలే కాబట్టి కటింగ్ అంతా వాటి మీదే పడుద్ది. ఏప్రిల్లో పాత రెజీమా (మినహాయింపులు చూపించుకునే లెక్క), కొత్త రెజీమా (అవి దాదాపు లేకుండా తక్కువ రేట్లు ఉండే లెక్క) చెప్పమని అడుగుతారు చూడండి, లెక్క చూసుకోవాల్సింది అప్పుడు. ఇన్‌కమ్ టాక్స్ ఈ-ఫైలింగ్ పోర్టల్లో కాలిక్యులేటర్ ఉంది, లాగిన్ కూడా అక్కర్లేదు.

ముందు సంవత్సరం సరిగ్గా పెట్టాలి. 2025-26లో వచ్చిన జీతానికి అసెస్‌మెంట్ ఇయర్ (ఆ ఆదాయానికి రిటర్న్ వేసే సంవత్సరం) 2026-27, ఇది తప్పితే పాత స్లాబులతో లెక్క వచ్చేస్తుంది. తర్వాత జీతం గడిలో చాలామంది ఆఫర్ లెటర్లో ఉన్న సీటీసీ (కంపెనీకి మనమీద అయ్యే మొత్తం ఖర్చు) కొట్టేస్తారు, అందులో కంపెనీ వేసే పీఎఫ్, గ్రాట్యుటీ కూడా కలిసుంటాయి కదా. లేదంటే చేతికొచ్చేది కొడతారు, అదీ కాదు, పేస్లిప్‌లో గ్రాస్ (కటింగులకి ముందు జీతం) చూడాలి. బయటి సైట్లలో అయితే స్టాండర్డ్ డిడక్షన్ (జీతగాళ్ళందరికీ ప్రూఫు లేకుండా తగ్గించే మొత్తం) అదే తీసేస్తుందా మనం తియ్యాలా అన్నది కూడా చూసుకోండి.

మా బావ జీతం 15 లక్షలు, హోమ్ లోన్ ఉంది కాబట్టి పాతదే మేలని ఒకటే వాదన. సరే అని కూర్చోబెట్టి రెండూ కొట్టి చూపించా. కొత్తదాంట్లో స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు పోగా 14.25 లక్షలు, సెస్సుతో (టాక్స్ మీద వేసే అదనపు పన్ను) కలిపి టాక్స్ 97,500. పాతదాంట్లో స్టాండర్డ్ 50 వేలు, 80సి (పీఎఫ్, ఎల్ఐసీ లాంటి పొదుపులు) లక్షన్నర, లోన్ వడ్డీ 2 లక్షలు, హెల్త్ ఇన్సూరెన్స్ 25 వేలు, అన్నీ తీసేసినా 10.75 లక్షలు మిగిలింది, టాక్స్ 1,40,400. అంటే 42,900 తేడా! పాతది గిట్టాలంటే ఇంకో లక్షా డెబ్భై వేల దాకా ఏదో ఒకటి చూపించాలి, సొంతింట్లో ఉంటూ హెచ్ఆర్ఏ (ఇంటద్దె అలవెన్సు) మినహాయింపు ఎక్కణ్ణుంచి వస్తుంది. ఇంక ఏం మాట్లాడలేదు, టీ తాగి వెళ్ళిపోయాడు.

అద్దెకుండి పెద్ద హెచ్ఆర్ఏ వచ్చేవాళ్ళకి పాతది గిట్టొచ్చు, కాకపోతే 2025-26 లెక్కకి హైదరాబాద్ మెట్రో సిటీ కింద రాదు, మినహాయింపు బేసిక్‌లో 40 శాతం దాకానే, మెట్రో అని టిక్ పెట్టకండి.

ఇంకోటి, కొత్త రెజీమ్‌లో పన్ను పడే ఆదాయం 12 లక్షల దాకా ఉంటే రిబేట్ (టాక్స్ మాఫీ) వల్ల కట్టేది సున్నా, అది దాటి 12.10 అయిందని కంగారు పడొద్దు. స్లాబుల ప్రకారం 61,500 కనిపించినా మార్జినల్ రిలీఫ్ (12 లక్షల పైన వచ్చిన దానికంటే టాక్స్ ఎక్కువ పడకుండా ఇచ్చే తగ్గింపు) పోగా కట్టేది 10,000, దానిమీద సెస్సు 400. కాలిక్యులేటర్ ఇది చూపించకపోతే ఆ సైట్ మూసేసి ఇంకోటి చూసుకోండి.

షేర్లు అమ్మినవాళ్ళు మాత్రం జీతం ఒక్కటే కొట్టి సున్నా వచ్చిందని సంబరపడొద్దు, ఏడాది లోపు అమ్మిన లాభం మీద 20 శాతం విడిగా ఉంటుంది, మొత్తం 12 లక్షల లోపే ఉన్నా కొత్త రెజీమ్‌లో దానికి రిబేట్ రాదు.